ముందు ఆవుల సంగతి, తర్వాతే పిట్ట సంగతి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: వన్యప్రాణి శాస్త్రంలో మాస్టర్స్ అయిపోయింది. అమెరికాలోని తూర్పు మొంటానాలో సేజ్ గ్రౌజ్ పక్షి ఆవాసాన్ని కాపాడే ఉద్యోగంలో చేరబోతున్నారు. పనంతా పెద్ద బీడు భూముల్లో ఆవులు పెంచే ర్యాంచర్లతోనే. "ఆవులు మేసే చోట ఆ పిట్ట బతకదని చదువుకున్నాను, మరి ఆ ఆవుల వాళ్లనే ఎలా ఒప్పించాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?" అన్నారు.

నేను ముందు దక్షిణ ఇడాహోలో, తర్వాత మొంటానాలో కలిపి పదహారేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. పుట్టి పెరిగింది నందికొట్కూరు దగ్గర. కాస్త పొడుగ్గానే రాస్తాను, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ఒప్పించాలనుకుంటూ వెళ్తే మొదటి రోజే పని చెడుతుంది. నాకు చెడింది కాబట్టి చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒక ర్యాంచ్‌కి వెళ్లాను. చేతిలో రంగురంగుల బ్రోషర్లు, ల్యాప్‌టాప్‌లో మ్యాపులు. ఆ పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. కాఫీ పోసి ఇచ్చి, ఇరవై నిమిషాలు ఒక్క మాట అడ్డు రాకుండా విన్నాడు. అంతా అయ్యాక ఒకటే అడిగాడు: "నీకు ఎన్ని ఆవులున్నాయి?" ఒక్కటీ లేదన్నాను. "సరే మరి" అని లేచి నిలబడ్డాడు. అంటే ఇక వెళ్లమని. గుమ్మం దగ్గర ఏం తోచిందో, "మా తాతకు నూట ఇరవై గొర్రెలుండేవి" అన్నాను. ఆగాడు. ఎండాకాలం వాటిని ఎక్కడ మేపేవాడని అడిగాడు. కోతలయ్యాక చేలల్లో రాత్రిపూట మంద పెట్టడం, ఎరువు కోసం రైతులే తాతకు గింజలు కొలిచి ఇవ్వడం చెప్పాను. పడీపడీ నవ్వాడు. "మా ఆవుల పేడకి డబ్బిచ్చేవాడు ఈ కౌంటీలో ఒక్కడూ లేడు" అన్నాడు. టోపీ పెట్టుకుని, పికప్ తాళాలు తీసుకుని, "రా, ఎక్కు" అన్నాడు. ఆ మధ్యాహ్నం మేం పిట్ట ఊసే ఎత్తలేదు. ఎండిపోయిన వాగు, విరిగిన కంచె, అమ్మేయమంటున్న కొడుకు, ఇవే మాటలు. నేను ఆ తర్వాత పదేళ్లు చేసిన పనికి కావలసిన సమాచారం అంతా ఆ మూడు గంటల్లోనే ఉంది.

ఆ కొడుకు "అమ్మేద్దాం" అంటున్నాడు చూడండి, అసలు ప్రమాదం అక్కడుంది. ఆవు మేసిన గడ్డి వచ్చే ఏడు మళ్లీ వస్తుంది. ర్యాంచ్ చేతులు మారి నాగలి కింద గోధుమ పొలమైతేనో, నలభై ఎకరాల ముక్కలై ఇళ్లు లేస్తేనో, ఈ పిట్టకు ఇల్లూ తిండీ అయిన సేజ్‌బ్రష్ పొద మళ్లీ రావడానికి మన జీవితకాలం చాలదు. తూర్పు మొంటానాలో మీరు చూడబోయేది ముఖ్యంగా నాగలి ముప్పే. కాబట్టి మీ మొదటి పని ఆ ర్యాంచ్ ర్యాంచ్‌గానే మిగిలేలా చూడటం. ఆవుల మీద ఆ కుటుంబానికి నాలుగు డాలర్లు మిగులుతుంటే పిట్టకూ చోటు మిగులుతుంది. చదువుకునేటప్పుడు నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు.

భూమి లెక్క కూడా తెలుసుకుని వెళ్లండి. సేజ్ గ్రౌజ్ ఉండేది 11 రాష్ట్రాల్లో. ఆ నేలలో సగానికి పైనే ఫెడరల్ ప్రభుత్వానిది. అందులోనూ ర్యాంచర్లే పర్మిట్ మీద ఆవులను మేపుతారు. ఒక ఆవు, దాని దూడ ఒక నెల మేయడాన్ని ఒక యూనిట్‌గా కట్టి రుసుము తీసుకుంటారు. చాలా ఏళ్లపాటు అది 1.35 డాలర్లే. ప్రైవేటు బీడుకైతే అంతకు ఎన్నో రెట్లు. అంటే పర్మిట్ పోతే చాలామందికి ర్యాంచ్ నడవదు. ఇక నీళ్లున్న నేల చూడండి. సాగు చేసుకుంటామన్నవాళ్లకు ప్రభుత్వ భూమి ఇచ్చిన 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద వచ్చినవాళ్లు సహజంగానే వాగులు, ఊటలు, పచ్చిక పల్లాలు ముందు పట్టుకున్నారు. ఎండు గుట్టలు ప్రభుత్వానికి మిగిలాయి. ఆగస్టులో గుట్ట మీద అంతా ఎండిపోయినప్పుడు తల్లి గ్రౌజ్ పిల్లలను వేసుకుని ఈ పల్లాలకే దిగుతుంది. పుట్టిన మొదటి వారాల్లో పిల్లలకు పురుగులు కావాలి, తర్వాత లేత ఆకులు. రెండూ దొరికేది తడి ఉన్నచోటే. ఆ తడి చాలావరకు ర్యాంచర్ ఇంటి వెనకాల ఉంటుంది. ప్రభుత్వ భూమిలో ఎన్ని రూల్స్ పెట్టినా, ఆ పెరటి గేటు తెరుచుకోకపోతే పిల్లలు బతకవు.

ఇప్పుడు పనుల సంగతి. మొదట చేయదగ్గది కంచె పని. ఎందుకంటే ర్యాంచర్‌కు దానివల్ల నష్టం ఏమీ లేదు, మీరు ఏదో ఒకటి చేసి చూపించినట్టూ ఉంటుంది.

మార్చి నుంచి మే దాకా తెల్లవారుజామున మగ గ్రౌజులు ఒకచోట చేరి ఆడవాటి ముందు ఆడతాయి. ఆ చోటును లెక్ అంటారు. నేను మాత్రం ఇంటికి ఫోన్ చేసినప్పుడు బరి అనే అంటాను, మన సంక్రాంతి పుంజుల బరిలాగే ఉంటుంది, కత్తులు తప్ప. తోక విసనకర్రలా విప్పి, తెల్లటి రొమ్ము ఉబ్బించి, పసుపుపచ్చ గాలి సంచులు రెండు బయటకు తోసి "బ్లప్, బ్లప్" అని సీసాలోంచి నీళ్లు ఒంపినట్టు చప్పుడు చేస్తాయి. గాలి లేని రోజు చాలా దూరం వినిపిస్తుంది. ఏటా అదే బరికి వస్తాయి. చీకట్లోనే, నేలకు తక్కువ ఎత్తులో ఎగిరి వస్తాయి. దారిలో ముళ్లతీగ కంచె ఉంటే వాటికి కనపడదు.

ఒక ఏప్రిల్‌లో బరి ముగిశాక అరమైలు దూరంలో ఉన్న కంచె వెంట నడిచాను. పై తీగ మీద ముల్లుకు అరచేతిలో సగం పట్టేంత ఈకల కుచ్చు. ఇంకా మంచు అంటుకుని ఉంది. కింద గడ్డిలో మగపిట్ట, మెడ ఒక పక్కకు విరిగి. బరువు రెండు కిలోల పైనే. దాన్ని బ్రోషర్లతో పాటు దాచలేదు. ర్యాంచర్ ఇంటికి తీసుకెళ్లి వరండాలో పెట్టాను. ఆయన భార్య చూసి, "ఏళ్ల తరబడి నక్కలే అనుకున్నాం" అంది. మరుసటి శనివారం వాళ్ల మనవళ్లు ఇద్దరు, నేను కలిసి పై తీగకు తెల్ల ప్లాస్టిక్ ముక్కలు తగిలించాం. ఇళ్ల బయటి గోడలకు వేసే వినైల్ పట్టీని మూడేసి అంగుళాలకు కోస్తే తీగకు టక్కున పట్టేస్తాయి. అంతే సరంజామా. ఇడాహోలో చేసిన అధ్యయనంలో ఇలా గుర్తులు పెట్టినచోట ఢీకొనడాలు 80 శాతానికి పైగా తగ్గాయి. కౌంటీలో ఉన్న కంచె అంతటికీ పెట్టాలని ఆవేశపడకండి. చదును నేలలో, బరికి దగ్గరగా ఉన్న కంచెలే ఎక్కువ చంపుతాయి. వాలు నేలల్లో వాటికి అంత అవసరం లేదు.

పనిలో పనిగా నీళ్ల తొట్టిలో ఒక మెట్ల జాలీ కూడా వేయించండి. పిట్టలు నీళ్లకు వచ్చి తొట్టిలో పడితే ఎక్కి బయటపడతాయి. చచ్చిన పిట్ట ఉన్న నీళ్లు ఏ ర్యాంచరూ ఆవులకు పెట్టాలనుకోడు కాబట్టి దీనికి వాదన అక్కర్లేదు.

జునిపర్ చెట్ల గురించి ఇడాహో, ఆరెగాన్ వాళ్లు చాలా చెబుతారు. మీ దగ్గర ఆ బెడద తక్కువ కాబట్టి క్లుప్తంగా చెప్తాను: సేజ్‌బ్రష్ బీడులో చెట్లు 4 శాతం నేలను కప్పినా బరులు ఖాళీ అయిపోతున్నాయని తేలింది. గద్దలకు, పెద్ద కాకులకు కొమ్మ దొరుకుతుంది మరి. ఆ చెట్టే ఆవు తినే గడ్డినీ చంపుతుంది. అందుకే చెట్లు కొట్టించే పనికి ర్యాంచర్లు తామే వచ్చి అడిగేవారు. పిట్టకూ ఆవుకూ ఒకే మందు పనిచేసే ఇలాంటి చోట్ల స్నేహం పెంచుకుని, చిక్కు ప్రశ్నలు తర్వాతకు ఉంచుకోవాలి.

చిక్కు ప్రశ్నల్లో మొదటిది గడ్డి ఎత్తు. చేరిన వారంలోనే ఈ గొడవలో ఇరుక్కుంటారు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

నేను వచ్చిన కొత్తలో మా అందరి చేతుల్లో ఒక స్కేలు ఉండేది. గూడు చుట్టూ గడ్డి కనీసం 7 అంగుళాలు ఉండాలని ఒక ప్రమాణం. పాత అధ్యయనాల్లో గుడ్లు పొదిగి పిల్లలైన గూళ్ల దగ్గర గడ్డి ఎత్తుగా, పాడైపోయిన గూళ్ల దగ్గర పొట్టిగా కనిపించింది. కాబట్టి ఎత్తు గడ్డి పిట్టను కాపాడుతోంది, ఆవులను తగ్గించాలి. వినడానికి తిరుగులేని లెక్క. ఒక ర్యాంచర్ వంటింట్లో ఈ గ్రాఫ్ చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఈ గడ్డి ఏ తారీఖున కొలిచారు?" అన్నాడు. గూడు సంగతి తేలాక కొలుస్తారన్నాను. "పాడైన గూడు మే మొదట్లోనే పాడైపోతుంది. పిల్లలైన గూడు జూన్ దాకా ఉంటుంది. మేలో గడ్డి ఎంత ఉంటుంది, జూన్‌లో ఎంత ఉంటుంది? మీరు కొలిచింది క్యాలెండర్‌ని బాబూ" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పదో తరగతి దాటని మనిషి నాకు గణాంకాలు చెప్పడమేంటని ఆఫీసుకొచ్చి విసుక్కున్నాను కూడా. 2016 నుంచి 2018 మధ్య వచ్చిన పేపర్లు సరిగ్గా ఆ మాటే అన్నాయి. గుడ్లు పొదగడానికి 27 రోజులు పడుతుంది. ఆ లోపల గడ్డి పెరుగుతుంది. కొలిచిన తేదీని సరిచేసి చూస్తే చాలా అధ్యయనాల్లో ఆ తేడా కరిగిపోయింది. మధ్య మొంటానాలో ఏళ్ల తరబడి సాగిన పరిశోధనలోనూ, బీడును వంతులవారీగా పడావు పెట్టి మేపిన ర్యాంచ్‌లకూ మామూలుగా మేపిన ర్యాంచ్‌లకూ గూళ్ల విషయంలో పెద్ద తేడా కనపడలేదు. ఆ పేపర్ ప్రింట్ తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లి, మీరన్నదే నిజమైందని చెప్పాను. ఒక పేజీ చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ వేసవి నుంచి తన భూమిలో ఉన్న బరుల్లో పిట్టలను తానే లెక్కపెట్టి పంపడం మొదలుపెట్టాడు.

దీన్నిబట్టి ఆవులు ఎంత మేసినా పర్లేదని అర్థం చేసుకోకండి. వాగు ఒడ్డున ఎండాకాలమంతా ఆవులను వదిలేస్తే ఒడ్డు తొక్కుడు పడి, వాగు లోతుకు కోసుకుపోయి, పల్లం ఎండిపోతుంది. అది నా కళ్లతో చూసిందే. కరువు ఏడాదిలో ఆవులను తగ్గించకుండా మొండిగా మేపిన చోట గట్టి గడ్డి చచ్చి చీట్‌గ్రాస్ అనే కలుపు గడ్డి దిగుతుంది. జూన్‌కే ఎండిపోయే ఆ గడ్డికి ఒక్క పిడుగు పడితే చాలు, వేల ఎకరాల సేజ్‌బ్రష్ బూడిదే. ఆ తర్వాత మళ్లీ వచ్చేదీ చీట్‌గ్రాసే. అలాంటి చోట నోరు విప్పి చెప్పాల్సిందే. చెప్పే హక్కు మాత్రం మూడో ఏడో నాలుగో ఏడో వస్తుంది.

ఇంకో సంగతి. మొంటానా బీడుల్లో పిట్ట ఒక్కటే కాదు. మౌంటెన్ ప్లోవర్, మన తీతువు పిట్ట కుటుంబానిదే, నేలంతా గీకినట్టు మేసేసిన చోటే గుడ్లు పెడుతుంది. స్ప్రేగ్స్ పిపిట్‌కు కాస్త పెరిగిన గడ్డి కావాలి. గ్రౌజ్‌కు పొద కావాలి. ఒకప్పుడు బైసన్ మందలు ఒకచోట గుండు కొట్టి, ఇంకోచోట వదిలేసి ఈ తేడాలు తెచ్చేవి. ఇప్పుడు ఆ పని ఆవులే చేయాలి. అందరి బీడూ ఒకే ఎత్తులో ఉండేలా ప్లాన్ రాసిచ్చే ఆఫీసరంటే నాకు భయం. ఒక ర్యాంచర్ గట్టిగా మేపి, పక్కవాడు పలచగా మేపితే పిట్టలకు అదే మేలు.

నీళ్ల పని నాకు అన్నిటికంటే ఇష్టం. కోసుకుపోతున్న చిన్న వాగులో చేతితో ఎత్తగలిగే రాళ్లను ఒక్క వరసలో అడ్డంగా పేరిస్తే చాలు. నీటి వేగం తగ్గి, మట్టి నిలిచి, పచ్చిక పక్కలకు పాకుతుంది. యంత్రం అక్కర్లేదు, ఇంజనీర్ అక్కర్లేదు. మా ఊళ్లో గెనెం తెగితే తాత రాళ్లు పేర్చేవాడు, అదే పని. ఆగస్టు చివర ఆ పచ్చిక మీద ర్యాంచర్ దూడలు, గ్రౌజ్ పిల్లలు ఒకేసారి కనిపిస్తే మీ జీతానికి న్యాయం జరిగినట్టే.

డబ్బు, కాగితాల విషయానికి వస్తే: 2010 మార్చిలో ఫెడరల్ వన్యప్రాణి శాఖ ఈ పిట్టను అంతరించే జాతుల జాబితాలో చేర్చదగ్గదే కానీ ముందు వేరేవి ఉన్నాయని చెప్పింది. ర్యాంచర్లకు టెన్షన్ అక్కడ మొదలైంది. జాబితాలోకి ఎక్కితే పర్మిట్లు తగ్గుతాయని భయం. అదే ఏడు వ్యవసాయ శాఖ కింద నేల, నీళ్ల సంరక్షణ చూసే ఎన్‌ఆర్‌సీఎస్ అనే సంస్థ సేజ్ గ్రౌజ్ ఇనీషియేటివ్ అనే పథకం మొదలుపెట్టింది. కంచె, తొట్టి, చెట్లు కొట్టడం వంటి పనులకు ఖర్చులో భాగం పెట్టింది. "పిట్టకు ఏది మంచిదో మందకూ అదే మంచిది" అనేది వాళ్ల మాట. 2015 సెప్టెంబరులో జాబితా అవసరం లేదని తేల్చారు. అలాగని గొప్పలు చెప్పుకోకండి. 1965 నుంచి చూస్తే ఈ పిట్టల సంఖ్య 80 శాతం తగ్గిందని ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ యూఎస్‌జీఎస్ 2021లో చెప్పింది. ర్యాంచర్లకు ఈ రెండు వార్తలూ తెలుసు. ఒకటే చెప్పి ఇంకోటి దాచే మనిషి ఎవరో రెండు నిమిషాల్లో పట్టేస్తారు.

భూమిని ఎప్పటికీ ముక్కలు చేయనని, దున్ననని హక్కు అమ్ముకునే ఈజ్‌మెంట్ ఒప్పందాలు చాలా బలమైనవి. కానీ అవి శాశ్వతం, మనవళ్ల దాకా కట్టిపడేస్తాయి. కుటుంబంలో అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకునేదాకా మీరు తొందరపెట్టొద్దు. ఒక ఇంట్లో నేను తండ్రితో మాత్రమే మాట్లాడి కాగితాలు సిద్ధం చేయించాను. కూతురికి తెలిసిన రోజు అంతా ఆగిపోయింది. నన్ను ఆ ఇంటికి మళ్లీ పిలవలేదు, తప్పు పూర్తిగా నాదే. ఇంకొకటి, ర్యాంచర్ భూమిలో బరి ఎక్కడుందో ఆయన అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకండి, ఫొటోలు పెట్టకండి. ఎన్‌ఆర్‌సీఎస్‌కు ఇచ్చే వివరాలు బయటపెట్టకూడదని 2008 ఫార్మ్ బిల్లులోనే ఉంది. మీ సంస్థకు ఆ నిబంధన వర్తించినా వర్తించకపోయినా పాటించండి.

మన దగ్గర ఇలా ఎందుకు జరగలేదని మీకు అనిపిస్తుందని తెలుసు, నాకూ అనిపిస్తుంది. నందికొట్కూరు నుంచి రోళ్లపాడు ఎంతో దూరం లేదు. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం అక్కడ 1988లో 614 హెక్టార్ల అభయారణ్యం పెట్టారు. బట్టమేక ఒకసారికి పెట్టేది మామూలుగా ఒక్కటే గుడ్డు, దానికీ కావాల్సింది తెరిపి బీడే. ఆ 614 హెక్టార్లలోనే అది ఎప్పుడూ ఇమడలేదు, చుట్టూ చేలు, బీళ్లు దానికి అభయారణ్యమంత ముఖ్యం. ఆ చేలకు నీళ్లొచ్చి పంటలు మారిపోయాయి. లోపల జింకలు పెరిగి బయట పైర్లు మేశాయి. ఆ చేల రైతులు, ఆ బీళ్ల కాపర్లు మన వైపు ఉండాల్సింది.

ఇంకా చేదు కథ మధ్యప్రదేశ్‌లోని కరేరాది. 1981లో 202 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. అందులో ఊళ్లు, జనం సొంత భూములు కూడా వచ్చాయి. వాటిని అమ్ముకోవడానికి వీల్లేకుండా పోయింది. జింకలు పెరిగి పంటలు తిన్నాయి. మొదట్లో బట్టమేకను చూసి మురిసిన రైతులే, అది పోతే మా భూమి మాకొస్తుందనుకునే దాకా వచ్చారు. 1990ల మధ్యకు వచ్చేసరికి అక్కడ పిట్ట లేదు. మొంటానాలో 2010 తర్వాత ర్యాంచర్ కళ్లలో నేను చూసిన భయం అదే. ఇక్కడ కొంచెం ముందే ఎవరో ఆ భయాన్ని పట్టించుకున్నారు, అంతే తేడా.

ఇక చిన్నచిన్నవి. గేటు తెరిచి ఉంటే తెరిచే వదలండి, మూసి ఉంటే దాటగానే మూయండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆవులు ఈనే కాలం, రాత్రిళ్లు వాళ్లకు నిద్ర ఉండదు. అప్పుడు మీటింగ్ పెట్టకండి. మీ బరుల లెక్కింపు కూడా ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి అనుమతి జనవరిలోనే అడిగి పెట్టుకోండి. జూలై ఎండుగడ్డి కోతల నెల. అప్పుడు మాట్లాడాలంటే ట్రాక్టర్ పక్కన నిలబడే మాట్లాడాలి. దూడలను అమ్మేసిన నవంబరు తర్వాత మనుషులు తీరిగ్గా దొరుకుతారు, అసలు బేరాలన్నీ అప్పుడే కుదురుతాయి. ఎవరికి ఎన్ని ఆవులున్నాయని అడగొద్దు, అది బ్యాంకులో ఎంతుందని అడిగినట్టు. ఆ మొదటి పెద్దాయన నన్ను అడిగాడంటే, నాకు లేవని ఆయనకు ముందే తెలుసు కాబట్టి.

తిండి విషయం కూడా చెప్పాలి. మీరు గొడ్డుమాంసం తినకపోతే మొదటి రోజే మామూలుగా చెప్పేయండి. నేను తినను, పదహారేళ్లలో ఒక్కరూ తప్పు పట్టలేదు. ఒకావిడ నా కోసం ప్రతిసారీ బంగాళాదుంపలు విడిగా కాలుస్తుంది. నేను ఊరి నుంచి వచ్చినప్పుడల్లా ఆవిడకు ఆవకాయ సీసా పట్టుకెళ్తాను. వాళ్లాయన మాత్రం దాన్ని హాట్‌సాస్ అనే అంటాడు.

ఏ కౌంటీలో చేరుతున్నారో రాయండి. అక్కడ నాకు తెలిసిన ర్యాంచర్లు ఉంటే ముందు వాళ్లను అడిగి, సరేనంటే పరిచయం చేస్తాను. జనవరి లోపు చెబితే ఈ ఏప్రిల్ బరికే వెళ్లొచ్చు. మందపాటి చేతి తొడుగులు తెచ్చుకోండి, హైదరాబాద్‌లో కొన్నవి పనికిరావు.